దేవదానం గారి లావు స్తంభం

మొన్న కోదాడలో ఒక పాత సత్రం గోడలకు మరమ్మతు చేస్తుంటే ఇసుక కలిపి నూరిన తడి డంగు సున్నం వాసన ముక్కుకు తగిలింది. ఆ ఘాటుకు తుమ్ములు వచ్చాయి, తుమ్ముల వెనకే నవ్వూ వచ్చింది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు దేవదానం గారే గుర్తొస్తారు. సూర్యాపేటలో నా మొదటి ఉద్యోగంలో ఆయనే పైఅధికారి, వంతెనల ఇంజనీరు. కోదాడ మనిషి. ఆయన నవ్వితే పక్క గదిలో గుమాస్తా ఉలిక్కిపడేవాడు.

పంతొమ్మిది వందల నలభైల చివర, ఊళ్లలో గొడవలు అప్పుడప్పుడే సద్దుమణుగుతున్న రోజులవి. మిర్యాలగూడ దారిలో వాగు మీది వంతెనను ఆ గొడవల్లో ఎవరో పేల్చేశారు. మందు పెట్టింది ఒక్క కమానుకే. కానీ కమానులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి కదా, ఒకటి పోయేసరికి వరసగా అన్నీ కూలాయి. అవతల మిర్యాలగూడలో మా అక్క బిడ్డను కంటే, వానలు తగ్గేదాకా ఆ పసిదాని ముఖం చూడలేకపోయాం. మా అమ్మ ఏడవని రోజు లేదు. కొత్త వంతెన పని మా దగ్గరికి రాగానే, పేల్చినా పూర్తిగా పోని వంతెన ఎలా కట్టాలో తేల్చాల్సిందేనని దేవదానం గారు పట్టుబట్టారు.

ఆయన పరిశోధన చూసి సూర్యాపేటంతా నవ్వింది. ఆఫీసు పెరట్లో ఇటుకలతో మోకాలెత్తు వంతెన కట్టించేవారు. అది ఆరేదాకా ఆగి, సమ్మెట నా చేతికిచ్చి, "ఏమోయ్, ఇవాళ శత్రువ్వి నువ్వే. ఎక్కడ కొడతావో కొట్టు," అనేవారు. నేను ఓవర్సీరును, కట్టడం నేర్చుకుని వచ్చినవాణ్ణి. మొహమాటపడుతూనే కొట్టేవాణ్ణి. వంతెన మొత్తం కూలితే ఆయన పెళ్లి కబురు విన్నట్టు మురిసిపోయి నా నోట్లో బెల్లం ముక్క పెట్టేవారు. "పెరట్లో కూలింది కాబట్టి బతికిపోయాం. అదే వాగులో అయితే?" అనేవారు. చివరికి ఒకటి తేలింది. నడుమ ఒక స్తంభాన్ని పక్కవాటి ఆసరా లేకుండా నిలబడేంత లావుగా కడితే, కూలడం అక్కడితో ఆగుతుంది.

హైదరాబాదులోని పెద్ద ఇంజనీరుకు ఆ లావు స్తంభం దండగనిపించింది. స్వయంగా చూసి తేలుస్తానని వచ్చారు. ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ పాత పద్ధతిలోనే కట్టాలి. తీరా ఆయన పెరట్లో అడుగుపెట్టేసరికి, ఆయన ముందు కొట్టి చూపాలని లావు స్తంభంతో కట్టిన ఇటుక వంతెన పసుపు కుంకుమలతో మెరిసిపోతోంది. సున్నం నూరే కూలీల పెద్ద మల్లమ్మ, పెద్దసారు వస్తున్నాడని పొద్దున్నే దానికి పూజ చేసింది. నేను సమ్మెట ఎత్తగానే అడ్డం వచ్చి నిలబడింది.

"బొట్టు వెట్టి మొక్కినం సారూ! ఇగ దాన్ని పలగ్గొడ్తరా? అరిష్టం గాదా?"

పెద్ద ఇంజనీరు గడియారం చూసుకున్నారు. నేను సమ్మెట దించాను. దేవదానం గారు మాత్రం నవ్వుతూ ఆమెకు చేతులు జోడించారు.

"కొబ్బరికాయకీ బొట్టు పెడతావు కదా మల్లమ్మా. పెట్టి ఊరికే దాచుకుంటావా?"

మల్లమ్మ కొంగు బిగించింది. "గట్లనా? అయితే ఇటు తే, నేనే కొడ్త," అని నా చేతిలోని సమ్మెట లాక్కుంది.

ఆమె దెబ్బలకు ఇటువైపు కమానులన్నీ దడదడా కూలాయి. దుమ్ము తగ్గాక చూస్తే లావు స్తంభం చెక్కుచెదరలేదు. దాని అవతలి కమానులు పెట్టిన బొట్లతో సహా అలాగే ఉన్నాయి. "నిలవడ్డది సారూ, నిలవడ్డది!" అని మల్లమ్మ గంతేసింది. పెద్ద ఇంజనీరు నవ్వాపుకోలేక, "నేను వద్దంటే ఈమె నన్నూ కొట్టేటట్టుంది. మంజూర్!" అన్నారు. ఆ రోజు బెల్లం అందరికీ దక్కింది.

కొత్త వంతెన తెరిచిన రోజే మా అక్క బిడ్డనెత్తుకుని ఎడ్లబండిలో వచ్చింది. అమ్మ వంతెన సగందాకా ఎదురు పరుగెత్తింది. అది చూస్తూ దేవదానం గారు లావు స్తంభం వైపు వేలు చూపి, "దీనికి ఎన్నడూ పని పడకూడదని కోరుకోవోయ్," అన్నారు.

ఆ తర్వాత నేనూ చాలా వంతెనలు కట్టించాను. గీసిన ప్రతి వంతెన నక్షా ముందు శత్రువునై కూర్చుని, ఎక్కడ కొడితే కూలుతుందా అని వెతకడం ఆయన అంటించిన అలవాటే. ఇప్పటికీ బస్సు ఆ వాగు దాటుతుంటే నా చేతులు వాటంతటవే దండం పెడతాయి. ఇక్కడ గుడి ఏదీ లేదే అని పక్కవాళ్లు వింతగా చూస్తారు. ఆ లావు స్తంభానికి ఇంతవరకూ పని పడలేదు.