అత్తమ్మ వీపుకు రాయని మందు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పేరు చెప్పను, అడగకండి. వింటే చాలు.

హాలియా దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు మాది. తెలంగాణ వచ్చిన కొత్తలో మా అత్తమ్మకు ఒళ్లంతా దురద పుట్టి నీటి బొబ్బలు లేచాయి. ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనే కాబట్టి, నల్గొండలో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆమె తెర వెనక చీర సర్దుకుంటుంటే ఆయన నాకు విడమరిచి చెప్పాడు. ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే పొరపాటున సొంత చర్మం మీద పడ్డాయట. అవి వదిలే ఎంజైములు పై చర్మాన్ని కింది పొరకు పట్టి ఉంచే పోగుల్ని తెంపేస్తాయట. ఆ సందులో నీరు చేరితే బొబ్బ. క్రిమి లేదు, ఎవరికీ అంటుకోదు, వీపుకు ఆమె చెయ్యి అందదు కాబట్టి మందు మీరే రాయాలన్నాడు. ఎంజైములంటే అన్నం అరిగించేవని చదువుకున్నదాన్ని. నాకు అంతా అర్థమైంది.

ఇంటికి రాగానే మా ఆయన అడిగాడు.

"డాక్టరేమన్నడు? అంటుకుంటదా?"

"ఆఁ, అంటుకుంటదంట. జర దూరముంచాల్నంట."

ఎందుకన్నాను? బస్సులో ఆమె బొబ్బ ఒకటి చితికి నా చీర తడిసింది. అసహ్యం వేసింది. అంటుకోదని చెబితే ఆ వీపుకు మందు రాసే పని నా మీద పడుతుంది. అంతే. ఆమె నన్ను ఏనాడైనా రాచిరంపాన పెట్టి ఉంటే చెప్పుకోవడానికి ఒక సాకైనా దొరికేది. పెట్టలేదు.

బొబ్బలొచ్చిన గొర్రెను మందలోంచి తీసి వేరే కట్టేయడం మా ఇంట్లో అందరికీ అలవాటే. ఆమెనూ అలాగే కొట్టం పక్కన రేకుల గదిలో ఉంచారు. ఆమె తన చాప తానే చుట్టుకుని వెళ్లింది. మాత్రలు గడప మీద పెట్టి వచ్చేదాన్ని. వీపుకు మందు రాసుకోవడానికి ఆమె కర్రకు గుడ్డ చుట్టుకోవడం ఒకరోజు చూశాను. చూసి, వచ్చేశాను.

అప్పటికి చిన్నపిల్లయిన నా కూతురు ఆ గది వైపు పరుగెత్తితే ఆమే చేతులు వెనక్కి దాచుకునేది. "రాకు బిడ్డా, నాది అంటుకుంటది" అనేది. నా మాట నమ్మి నా బిడ్డను కాపాడుతోంది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? బిడ్డను ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేశాను.

పుండ్లు చీము పట్టాయి. ఆమె ఆ చలికాలం దాటలేదు. నేను మందు రాసి ఉంటే బతికేదా? ఏమో. ఆ వీపు మీద ఒక మనిషి చెయ్యైనా పడేది.

కూతురు ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. మొన్న అత్తమ్మ ఫొటో తుడుస్తూ అడిగింది, "అవ్వకు నేనంటే ఇష్టం లేకుండెనా అమ్మా? దగ్గరికి రానియ్యకపోయేది" అని. నేను పొయ్యి వైపు తిరిగాను.

అంటుకోదు. ఆ రోజే నాకు తెలుసు. ఆ మాట ఇప్పుడు మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. వినాల్సిన మనిషి మాత్రం చేతులు దాచుకునే పోయింది.