జగన్నాథం గారి దిక్కులు

ముందు కిర్రు చెప్పుల చప్పుడు వినపడేది. ఎండ ఇంకా గోడల మీంచి హుస్సేనీ ఆలం సందులోకి దిగని వేళ, ఆ కిర్రుకిర్రు మా తలుపు దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, ఏదో ఆలోచించుకుని, మమ్మల్ని దాటిపోయేది. మా బియ్యం సంచీ ఎదుటి వాటా ముందు ధప్పున దిగేది. మా ఇంటి యజమాని జగన్నాథం గారు బజారు నుంచి వచ్చారన్నమాట. ఆయనకు ఉత్తరాది వాళ్ళెవరో, దక్షిణాది వాళ్ళెవరో ఒక్కనాడూ గుర్తుండేది కాదు.

ఎదుటి వాటాలో కాన్పూరు నుంచి వచ్చిన శుక్లా, ఆయన భార్య కళావతి. ఇటు వాటాలో 1956 చివర ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి తరలివచ్చిన నేను, నా భార్య సూర్యప్రభ. మధ్యన ఆరడుగుల నడవ. కొత్తవాళ్ళను బజారులో మోసం చేస్తారని ఇద్దరి సరుకులూ ఆయనే తెచ్చేవారు. తెచ్చి, గోధుమపిండీ ఆవనూనే మాకూ, సన్నబియ్యం చింతపండూ వాళ్ళకూ ఇచ్చేవారు.

"మేం దక్షిణాది వాళ్ళమండీ!" అని మొత్తుకునేవాణ్ణి.

"అవునా భాయ్? మరి నిన్న పైజామా తొడిగినవు?"

"తొడిగితే ఉత్తరాది అయిపోతానా?"

"ఆ శుక్లా సాబేమో ధోతి కట్టిండు. నేను పరేషాన్ అయిన."

ఆదివారాలు నేనూ శుక్లా నడవలో కూర్చుని వచ్చీరాని ఇంగ్లీషులో పోట్లాడుకునేవాళ్ళం. ఉక్కు కార్ఖానాలన్నీ మీవైపే కడుతున్నారని నేను. మా ఊళ్ళో ఏ ఆఫీసుకెళ్ళినా కుర్చీలో మద్రాసీయే ఉంటాడని ఆయన. ఆయనది కేంద్రం జీతం, నాది రాష్ట్రం జీతం. గొంతుల్లో కూడా ఆ తేడా వినపడేది. ఒక ఆదివారం జగన్నాథం గారు మధ్యలో నిలబడి, ఇద్దరినీ చెరో భాషలో అడిగారు: మరి మన హుస్సేనీ ఆలం ఏ దిక్కుల ఉన్నట్టు?

"దక్షిణం," అన్నాడు శుక్లా.

"ఉత్తరం," అన్నాను నేను.

ఆయన తన పాదాల వంక జాలిగా చూసుకున్నారు. "నేను నిలబడ్డ జాగ మీకే తెల్వకపాయె. ఇగ సంచులు మారినయని నన్నంటరు!"

ఆ మాట నన్ను కూడా తికమకలో పడేసింది. ఉర్దూలో బేరమాడి, తెలుగులో అలిగి, మరాఠీలో పాలు పోయించుకునే ఈ ఊరు ఏ దిక్కున ఉన్నట్టు? మబ్బునెవరైనా ఏ ఊరని అడుగుతారా?

సూర్యప్రభకు మాత్రం నవ్వు రాలేదు. "మూణ్ణెల్లయింది, నోరు విప్పి ఒక ఆడమనిషితో మాట్లాడి. ఒకటో తారీఖున నేను తెనాలి, మా పుట్టింటికి వెళ్ళిపోతున్నాను. ఉద్యోగం కావాలో, నేను కావాలో తేల్చుకోండి." ట్రంకుపెట్టె సర్దేసింది కూడా. ఒకటో తారీఖు పన్నెండు రోజుల్లో ఉంది.

ఈలోగా సంచులు మారుతూనే ఉన్నాయి. మొదట్లో సూర్యప్రభ పిండి సంచీని ఎదుటి గడప మీద పెట్టి, తలుపు తట్టి, పారిపోయి వచ్చేది. కళావతీ అంతే. ఒకనాడు మా కాఫీ గింజలు అటు వెళ్ళాయి. కళావతి వాటిని శనగలనుకుని పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నం దాకా ఉడికించినా మెత్తబడలేదు. ఆ వాసనకు సందు సందంతా ముక్కులు ఎగబీల్చింది.

"అయ్యో, అయ్యో!" అంటూ సూర్యప్రభ మొట్టమొదటిసారి ఆ గడప దాటింది. ఎలా వేయించాలో, ఎలా పొడి కొట్టాలో చేతులతో చెప్పింది. వెళ్ళింది కాఫీ కోసం, రెండు గంటల తర్వాత మోచేతుల దాకా గోధుమపిండితో వచ్చింది.

"పాపం, ఆవిడా పెట్టె సర్దుకుందండీ," అంది.

మర్నాడు ఇద్దరూ లాడ్ బజారుకు వెళ్ళి గాజులు తొడిగించుకొచ్చారు. ఏ భాషలో బేరమాడారో తెలియదు గాని, గాజులవాడు దండం పెట్టి తగ్గించాడట. ఒకటో తారీఖు వచ్చింది, వెళ్ళింది. ట్రంకుపెట్టె మీద పచ్చళ్ళ జాడీలు వెలిశాయి.

ఆ నెలలోనే జగన్నాథం గారి పాత స్నేహితుడు రాజన్న వచ్చాడు. జగన్నాథం గారు లోపల టీ కాస్తుంటే, సంచుల సంగతి చెప్పి నవ్వబోయాను. రాజన్న నవ్వలేదు.

"ఎవరు, మా జగన్నాథమా? రైల్వే పార్సిల్ ఆఫీసుల ముప్పై ఏండ్లు కలిసి చేసినం. కండ్లు మూసుకొని మూట తాకి చెప్పేటోడు, ఇది కాన్పూరుకు, ఇది మద్రాసుకు అని. ఒక్క మూట తప్పిపోలే!"

లోపల టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏంది గట్ల చూస్తవ్?" అన్నారు, నా వైపు తిరక్కుండానే. "తలుపుకు తలుపు ఆరడుగులు. ఇద్దరు ఆడపిల్లలు, ఎవల గోడకు వాళ్ళు మొకం పెట్టి ఏడుస్తుండ్రు. మూటనైతే ఎత్తి అవుతల పెడుదు. మనుషులనెట్ల ఎత్తుడు? టీ తాగు, సల్లారుతది."

రెండేళ్ళకు నాకు నిజామాబాదు బదిలీ అయింది. వాకిట్లో జట్కా ఆగి ఉంది, సామానంతా ఎక్కింది. స్టేషనుకు వేళ మించిపోతోంది, సూర్యప్రభ మాత్రం కళావతి వంటింట్లోంచి బయటికి రావడం లేదు. లోపల రెండు గొంతులు, రెండు భాషలు, ఒకటే ముక్కు చీదుడు. నేను దిక్కుతోచక జగన్నాథం గారి వైపు చూశాను. ఆయన భుజం మీది తువాలు దులుపుకుని చల్లగా అన్నారు:

"నీ సామాను పైలంగ ఎక్కించిన భాయ్. గా బిడ్డను ఎక్కించుడు నాతోని కాదు. నిజామాబాదు మస్తు దగ్గర, నువ్వొక్కనివే పోయి రారాదు?"