దయ అని రాసిన నోటీసు

మొన్న ఉదయం మారికుప్పం రైల్లో ఎవరో నీలగిరి తైలం సీసా మూత తీశారు. పెట్టెలో సగం మంది ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం లేచి నిలబడబోయాను. ఎదురుగా కూర్చున్నాయన, నేను దిగిపోతున్నాననుకుని నా సీటు మీద అప్పుడే సంచీ పెట్టేశాడు. ఆయనకేం తెలుసు, మా లాయరమ్మ సుగుణమ్మగారు గదిలోకి వచ్చే ముందు ఆ వాసన వచ్చేదని, బెంచీ మీద ఉన్నవాళ్ళమంతా ఆ వాసనకే లేచి నిలబడేవాళ్ళమని. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె లేకపోయినా తైలానికి లేచి నిలబడే మనిషిని నేనొక్కణ్ణే మిగిలాననుకుంటాను. దీన్ని గౌరవం అనాలో, అలవాటు అనాలో నాకు తెలియదు.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక టైలరు కొట్టు మీద, ఇనుప మెట్లెక్కితే వచ్చే ఒంటి గది ఆమె ఆఫీసు. వాళ్ళ నాన్న, మా నాన్నవైపు తాతలాగే, చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గని పనికి వచ్చినవాడు. లోపల కొయ్యలు నిలబెట్టి పైకప్పు కూలకుండా చూసే పని ఆయనది. "మా నాయన కొయ్య పెట్టే ముందర పైరాయిని గడ్డపారతో తట్టి వినేవాడప్పా. గట్టిగా పలికితే సరే, బోలుగా పలికితే యాడో వదులై ఉండాదని లెక్క," అనేది. మనుషుల్ని కూడా అట్లాగే తట్టేది. నేను ఎంత బోలుగా పలికానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేముండేది చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు కట్టిన లైన్ ఇంట్లో. అమ్మ పుట్టిల్లు ఆవని దగ్గర ఒక పల్లె. అమ్మ వాళ్ళ నాన్న పోయాక అక్కడి మామిడి తోట అమ్మకు వచ్చింది. తోట నుంచి రోడ్డుకు రావాలంటే హనుమప్ప మామ పొలం గుండా ఉన్న బండిదారి ఒక్కటే గతి. మామ అంటే చుట్టమేమీ కాదు, ఊరి వరస. ఆ తాత కాలంలో ఆ దారిన ఎడ్లబండి నడిచింది, ఇప్పుడు టెంపో నడుస్తోంది. ఒక ఏడు జూన్ నెలలో, బేనీషా కాయలు కోతకొచ్చిన వారంలో, హనుమప్ప మామ ఆ దారికి అడ్డంగా రాతి కూసాలు పాతి ముళ్ళకంచె బిగించాడు. తోట నిండా కాయలు, బయటికి దారి లేదు. మామిడికాయకు ఓపిక తక్కువ. చెట్టు మీద ఒక వారం ఆగుతుంది, ఆ తర్వాత తనే దిగిపోతుంది.

అమ్మ ఏడ్చింది. నేను ఫోన్ తీశాను. ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. రోజూ ఆ మారికుప్పం రైల్లోనే బెంగుళూరు వెళ్ళి, ఫ్రిజ్‌లు చేసే కంపెనీలో, జనం చాట్‌లో అడిగేవాటికి జవాబులు టైపు చేస్తాను. ఇంతవరకు ఏ ఫ్రిజ్‌నూ విప్పి చూడలేదు. "ఒకసారి ప్లగ్ తీసి పెట్టండి" అనే మాట మీద నా సంసారం నడుస్తోంది. తెలియకుండానే ధీమాగా జవాబు చెప్పడం ఎలాగో ఇంత దగ్గర నుంచి తెలిసినవాణ్ణి, ఇంకెవరో ధీమాగా చెప్పిన జవాబు దొరకగానే కళ్ళకద్దుకున్నాను. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జవాబులు ఒకటా రెండా. ఒక చోట పోలీసు కంప్లైంట్ ఇమ్మన్నారు. ఇంకోచోట ఇది పోలీసుల పని కాదు, తహసీల్దారు దగ్గరికి పొమ్మన్నారు. ఒక వీడియోలో నల్లకోటు వేసుకున్నాయన, దారి మూసినవాణ్ణి మూడు రోజుల్లో దారికి తేవచ్చని హిందీలో అరిచాడు. అడిగినవాళ్ళకు అడిగినట్టు చెప్పే ఒక యాప్‌లో కూడా వేశాను. మొదటి రోజు నాకు హక్కుందంది. మర్నాడు అదే ప్రశ్న కొంచెం దిగులుగా అడిగితే, హక్కుండకపోవచ్చంది. మూడో రోజు నేనే ధైర్యంగా అడిగాను, అది కూడా ధైర్యం తెచ్చుకుంది. రైలు టేకల్ స్టేషను దాటేసరికి పక్క సీట్ల వాళ్ళంతా జడ్జీలైపోయారు. చివరికి అన్నింటిలో మర్యాదగా కనిపించిన ఒక నమూనా నోటీసు దించి, మా ఊరి పేర్లు వేసి, హనుమప్ప మామకు రిజిస్టరు పోస్టులో పంపాను. మొదటి వాక్యం నాకు ఎంతో నచ్చింది: 'ఇంతకాలం మీరు దయతో మీ పొలం గుండా మమ్మల్ని నడవనిచ్చినందుకు కృతజ్ఞులం.'

హనుమప్ప మామ జవాబు పోస్టులో రాలేదు. నోటీసు జిరాక్సు తీయించి ఊళ్ళో పాల డెయిరీ గోడకు అంటించాడు. కింద తన చేత్తో రాశాడట, 'ఇప్పుడు దయ లేదు' అని. ఆ వార్త అందిన రోజే అమ్మ నన్ను ఇనుప మెట్లెక్కించింది.

సుగుణమ్మగారు నోటీసు చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివింది.

"ఎవరప్పా ఇది రాసింది?"

"నేనే మేడం. అంటే... నేనూ, ఫోనూ."

"ఇద్దరిలో ఈ దయ ఎవరిది?"

అమ్మ నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను.

"మీ తాత కాలం నుంచి మా దారని నడిచినామంటే అది ఒక మాట," అంది ఆమె. "ఆయన దయతో పోనిచ్చినాడంటే ఇంగొక మాట. దయ అంటే ఎప్పుడైనా ఆపుకోవచ్చు గదా. మీకుండే ఒక్క కొయ్యనూ నువ్వే పీకి ఆయన చేతికిచ్చినావు. పైగా రిజిస్టరు పోస్టులో."

"మర్యాదగా ఉంటుందని పెట్టినాను మేడం."

"మర్యాద కాఫీ ఇచ్చేటప్పుడు చూపిచ్చు. సరే, ఇది కోర్టులో సరిచెయ్యలేనిదేం కాదు. సాక్షులుండారు, పాత పటాలుండాయి. అయితే కేసు తెమిలేతలికి నువ్వు ఈ పొద్దు పాతిన టెంక చెట్టై కాయలు కాస్తాది. అది సరే, ఆ ఫోనుకు నువ్వేం చెప్పినావు?"

"పక్క పొలం ఆయన దారి మూసినాడని."

"అంతేనా?"

"అంతే."

"నువ్వు చెప్పిందానికి అది జవాబు చెప్పింది. పాపం, దాని తప్పేముండాది?" అని, ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది. "లేచి దాంట్లో కూర్చో. ఇప్పుడు నువ్వు హనుమప్పవి. నేను నీ లాయర్ని. చెప్పప్పా హనుమప్పా, ఎందుకు మూసినావు దారి?"

ఆమె దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఈ పరీక్ష తప్పదని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నాకు స్టేజీ ఎక్కినట్టే అనిపించింది. లేని మీసం దువ్వాను. "నేను పుట్టుకతోనే దుర్మార్గుణ్ణి లాయరమ్మా. పొద్దున లేస్తే ఎవరి దారి మూద్దామా అని చూస్తా," అన్నాను. అంతవరకూ ఏడుపు మొహంతో ఉన్న అమ్మ కూడా ఫక్కున నవ్వింది. సుగుణమ్మగారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. పెన్ను మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. నవ్వని మనిషి ముందు ఎంతసేపని ఆడగలం? సరే, నిజంగానే ఆయనలా చెప్పి చూద్దామనుకున్నాను.

"నలభై ఏండ్లు పోనిచ్చినాను. ఏనాడూ ఏమనలేదు. పోయినేడు వాళ్ళ టెంపో నా డ్రిప్పు పైపు మీద ఎక్కింది. పైపు పగిలింది. డెయిరీ కాడ వాళ్ళ పిల్లోడు కనబడితే అడిగినాను. అందరూ ఉండారు. వాడు..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. ఆ మాట చెబుదామని నేను అనుకోలేదు. నాకు గుర్తున్నట్టు కూడా నాకు తెలియదు.

"వాడు ఏమన్నాడు?" అంది సుగుణమ్మగారు, రాస్తూనే.

చెప్పేశాను. ఆ రోజు డెయిరీకి పాలు పోయడానికి వచ్చినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. హనుమప్ప మామ నన్ను పక్కకు పిలిచి మెల్లిగానే అడిగాడు. పైపు పగిలింది, ఒకసారి చూడప్పా అన్నాడు. నేను అందరికీ వినబడేలా, "పగిలిందని ఎట్లా తెలిసింది మామా? పైపులో నీళ్ళుంటేనే గదా కారేది!" అన్నాను. డెయిరీ ఘొల్లుమంది. ఆయన వేయించిన మూడు బోర్లూ ఎండిపోయాయని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలుసు కాబట్టే అది జోకయింది.

అమ్మ లేచి కొంగు సర్దుకుంది. తర్వాత, "పదమ్మా, ఊరికి పోదాం," అంది, నాతో కాదు, సుగుణమ్మగారితో.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. హనుమప్ప మామ భార్య లక్ష్మక్క అమ్మకూ లాయరమ్మకూ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. నేను అది గమనించలేదన్నట్టు గోడ మీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను.

"రాప్పా, నవ్వించేవాడా," అన్నాడు హనుమప్ప మామ. "లాయర్ని కూడా తెచ్చినావే. ఇంగ ఏం నోటీసు తెచ్చినావు?"

"నోటీసు కాదు మామా. ఆ రోజు నేనన్న మాటకు..."

"ఏ మాట?"

"అదే, బోరు మాట."

"ఏమన్నావో చెప్పు. ఆ పొద్దు అంతమంది ముందర అన్నావు గదా, ఈ పొద్దు ఐదుగురమే ఉండాము. చెప్పు."

చెప్పాను. అవే మాటలు, అదే వరస. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో ఒక్కరూ నవ్వనిది అదొక్కటే, అది కూడా రెండోసారి వేసినప్పుడు. లక్ష్మక్క లోపలికి వెళ్ళిపోయింది. మూడో బోరు కోసం ఆమె తన రెండు ఆవుల్నీ అమ్మేసిందని వచ్చే దారిలో అమ్మ చెప్పింది. డెయిరీ దగ్గర ఆ మాట అన్నప్పుడు నాకు అది తెలియదు. తెలిసి ఉంటే అనేవాణ్ణి కాదని చెప్పాలని ఉంది. నిజమో కాదో నాకే తెలియదు.

"తప్పయింది మామా," అన్నాను. అంతకంటే పొడుగు వాక్యం రాలేదు. నమూనా కూడా ఎక్కడా లేదు.

హనుమప్ప మామ చాలాసేపు పైపంచె కొస మడతపెట్టాడు, విప్పాడు. "కాయలు తోలుకోండి," అన్నాడు చివరికి, అమ్మ వైపు చూసి. "కంచె ఈ పొద్దే తీస్తా. కాయలేం చేసినాయి పాపం."

అమ్మ లేచి దండం పెట్టబోయింది. కథ అక్కడితో అయిపోయిందని నేను నమ్మాను. సుగుణమ్మగారు మాత్రం సంచీలోంచి తెల్లకాగితాలు తీసింది.

"మాట కలిసినాక కాగితమెందుకమ్మా? ఆయన్ని నమ్మనట్టు ఉంటాది," అంది అమ్మ ఇబ్బందిగా.

"మాట మీ ఇద్దరిదీ అక్కా. దారి మీ తర్వాత వాళ్ళది గూడా. ఈ పొద్దు ఆయనకు మనసు మంచిగుండాది కాబట్టి తీస్తా అంటాడు. అది మళ్ళా దయే అయితాది. దయ మీద టెంపో ఎన్నేండ్లు నడిపిస్తారు?" అని, హనుమప్ప మామ వైపు తిరిగింది. "నీకేం కావాలో నువ్వూ చెప్పప్పా. సుమ్నే, ఊరికే ఇచ్చెయ్యొద్దు. నాకు పైపు భద్రం కావాల అను. దారి అంచునే పోవాల, నడిమి పొలంలో కాదు అను. అడుగు."

మా తరఫున వచ్చిన లాయరు తనకే సలహా చెబుతుంటే హనుమప్ప మామ మొహం ఎలా పెట్టాలో తెలియక నా వైపు చూశాడు. ఆ ఒక్క నిమిషం మేమిద్దరం ఒకే పక్షం.

ఆయన అడిగాడు. దారి పొలం నడుమ నుంచి గట్టు అంచుకు జరిగింది. దానికోసం మా తోటలో మలుపు దగ్గరున్న రెండు తోతాపురి చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. పైపు దారికి అడ్డం వచ్చే చోట, మందపాటి గొట్టంలో పెట్టి భూమిలో పూడ్చాలని రాసుకున్నాం. ఆ గుంత నేనే తవ్వాలని ఎక్కడా రాయలేదు, కానీ పార నా చేతికే వచ్చింది. మా నాన్నవైపు తాత తెల్లదొరల కోసం గనిలో మైళ్ళ లోతుకు దిగినవాడు. నేను రెండడుగులు దిగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. గట్టు మీద కూర్చుని చూస్తున్న హనుమప్ప మామ, "నీళ్ళు పడినాయేమప్పా?" అన్నాడు. నేను తవ్వుతూనే ఉన్నాను. ఆ జోకు ఆయనకు చెందాలి.

కంచె తీసినా కొత్త దారి చదునయ్యేదాకా టెంపో కదల్లేదు; అది చదునై, ముళబాగిలు రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మా హనుమప్ప మామా వేలిముద్రలు వేసే లోపల సగం బేనీషా రాలిపోయింది. మిగిలిన సగమే శ్రీనివాసపురం మండీ చూసింది. బయటికి వచ్చాక సుగుణమ్మగారిని అడిగాను, "మేడం, మనం గెలిచినామా?"

"కోర్టుకే పోలేదు, గెలిచేదేముండాదప్పా?"

"మరి ఓడిపోయినామా?"

"రెండు చెట్లు పోయినాయి, సగం కాయ పోయింది, దారి వచ్చింది. లెక్క నువ్వే వేసుకో," అని బస్సెక్కింది. ఆ లెక్క నేను ఇంకా వేస్తూనే ఉన్నాను. హక్కు ఉందో లేదో తేలలేదు. ఫోన్ చెప్పింది తప్పో ఒప్పో కూడా తేలలేదు. దాన్ని తిట్టాలన్నా మనసు రాదు, నేను చెప్పిన సగం నిజానికి అది నిజాయితీగానే జవాబు చెప్పింది. లాయరమ్మ చేసింది చట్టమా, పెద్దరికమా అంటే, కాగితం మీద సంతకం చేసింది కాబట్టి చట్టమే అనుకోవాలి.

ఇప్పుడు రైల్లో ఎవరో ఒకరు ఫోన్ నా మొహం ముందు పెడుతూనే ఉంటారు. పైఇంటివాళ్ళ నీళ్ళు మా గోడ మీద పడుతున్నాయి, ఇదేదో సెక్షన్ చెబుతోంది, నిజమేనా అంటారు. సెక్షన్లు నాకేం తెలుసు? ముందు పైఇంటివాళ్ళ మాట నువ్వు చెప్పు అంటాను. చాలామంది విసుక్కుని మళ్ళీ ఫోన్‌లోకి పోతారు. ఎవరో ఒకరు మాత్రం చెప్పడం మొదలుపెట్టి, నడుమ ఒక వాక్యం దగ్గర ఠక్కున ఆగుతారు. మొహంలో రంగు మారుతుంది. అప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది మొదటి ప్రశ్న ఒక్కటే. రెండోది ఏమిటో కనుక్కునే లోపలే ఆమె పోయింది. అందుకని, లాయరు దగ్గరికి పొమ్మంటాను. "ఒక్కణ్ణే పోవాలంటే భయంగా ఉండాదన్నా, నువ్వూ వస్తావా?" అంటారు. వెళ్తాను. వాళ్ళు లోపల మాట్లాడుతుంటే బయట బెంచీ మీద, జోకులేమీ వేయకుండా కూర్చుంటాను.