కాటుక పట్టని మంట

శనివారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. బడి గోడ మీది గడియారం నేనే చూసి చదివాను, ఎవరినీ అడగలేదు. దక్షిణాఫ్రికాలో మేమంతా మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడు అది. మా ఊరు ఉంజింటోలో చెరకు కొట్టే రోజులు.

ముందు మసి సంగతి చెప్పాలి. నేను నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి బతికినదాన్ని. కొట్టే ముందు ఎండాకు పోవాలని చెరకు తోటలకు నిప్పు పెడతారు. ఆ నల్లటి బూడిద గాలికి లేచి వచ్చి నేను ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద వాలేది. మళ్ళీ ఉతికేదాన్ని. నా పెనిమిటి చక్కెర మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి, దగ్గీ దగ్గీ పోయాడు. మంట ఉంటే మసి ఉంటుంది, అంతే అనుకునేదాన్ని. ఆ మసితోనే మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ కాటుక పట్టి ఇచ్చిందీ నేనే. ఇత్తడి పళ్ళేనికి కాస్త ఆముదం పూసి దీపం మీద బోర్లిస్తే మసి జారకుండా అంటుకుంటుంది.

నా మనవరాలికి అప్పుడు పదహారేళ్ళు. ఒకరోజు వచ్చి చెప్పింది. "అవ్వా, హైడ్రోజన్ అని గ్యాస్ ఉంది. అది కాలితే స్మోక్ రాదు. నీళ్ళే వస్తది. రేపు బస్సులు గూడా దానితో పోతది అంట."

"నీళ్ళు కారే నిప్పా? పో, నోరు కడుక్కో."

"నువ్వే నీ కాటుక ప్లేట్ తెచ్చి పట్టు. మసి వస్తే నేను డర్బన్ పోను."

డర్బన్‌లో పిల్లల సైన్స్ ప్రదర్శన జరుగుతుంది. అప్పటిదాకా తెల్లపిల్లల బళ్ళనే పిలిచేవాళ్ళు. ఆ ఏడు మా బడి నుంచీ ఒక్కరిని పంపమన్నారు. ఎవరిని పంపాలో చెప్పడానికి బళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

పిల్ల పద్ధతి ఇది. బ్యాటరీ తీగలు రెండు నీళ్ళలో ముంచుతుంది. ఒక తీగ దగ్గర లేచే బుడగలే హైడ్రోజన్. దాన్ని సన్న గొట్టంలోంచి తెచ్చి వెలిగిస్తుంది. నేను ఊరుకోలేదు. "ఆ బ్యాటరీలో కరెంటు ఎక్కడిది? బొగ్గు కాల్చిందేగా. మసి మన ఇంట్లో లేకపోతే ఇంకోడి ఇంట్లో ఉంది," అన్నాను. పిల్ల మొహం మాడ్చుకుని వాళ్ళ కెమిస్ట్రీ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చాడు. ఆయన భార్యే ప్రతి శనివారం నాకు పలక మీద అక్షరాలు దిద్దించేది. మాస్టారు ఎండతో కరెంటు చేసే పలక ఒకటి సంపాదించి ఇచ్చాడు. పిల్ల వారం రోజులు దాన్ని మా రేకుల మీద పెట్టి బ్యాటరీ నింపింది. "ఇప్పుడు అడుగు, అవ్వా," అంది. "సరే, పళ్ళెం తెస్తాను," అన్నాను.

ఆ శనివారం పిల్ల గొట్టం చివర వెలిగించింది. పట్టపగలు కావడాన మంట కనపడలేదు. వెనక బెంచీల్లో నవ్వులు. ఇన్‌స్పెక్టరు జులూ మనిషి, నెమ్మదస్తుడు. "ఏమీ మండడం లేదే," అన్నాడు. పిల్ల కాగితం ముక్క పెట్టింది, భగ్గుమంది. నవ్వులు ఆగాయి. అప్పుడు నేను లేచి పళ్ళెం పట్టాను.

తీసి చూస్తే నల్లటి మచ్చ.

పిల్ల గొట్టం వంకా పళ్ళెం వంకా మార్చి మార్చి చూసింది. పిల్ల తల్లి, మా కోడలు, తల దించుకుంది. "మసి వచ్చిందిగా," అని ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. నేను పళ్ళెం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాడిన ఆముదం వాసన. చేతి అలవాటు కొద్దీ పొద్దున్నే నూనె పూసి తెచ్చాను.

"ఆగండి. అది నిప్పు మసి కాదు, నా మసి. నూనె పూసింది నేను. బుద్ధి తక్కువ పని నాది, పిల్లది కాదు," అన్నాను. మాస్టారు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కలం ఆపి, "సరే గోగో, కడుక్కు రా," అన్నాడు. అవ్వను వాళ్ళు అలాగే పిలుస్తారు.

కుళాయి దగ్గర సబ్బూ ఇసుకా వేసి తోమాను. జీవితంలో ఏ గిన్నెనూ అంత తోమలేదు. ఆరబెట్టి ఇన్‌స్పెక్టరు చేతికే ఇచ్చాను. "తడి ఉందేమో, నూనె ఉందేమో నువ్వే చూడు, నాయనా." ఆయన బొటనవేలితో రుద్దాడు. తన జేబురుమాలుతో మళ్ళీ తుడిచి, మంట మీద తనే పట్టాడు.

ఇత్తడి మీద ముందు ఆవిరి పట్టింది. ఆ పైన చుక్కలు. మసి మచ్చ ఒక్కటి లేదు. ఆయన వేలితో ఒక చుక్క అద్దుకుని, "హావ్, గోగో. నీళ్ళే," అని ఆశ్చర్యపోయాడు.

"మరి డర్బన్?" అని అడిగింది పిల్ల.

"నువ్వూ వెళ్ళాలి, ఆ పళ్ళెమూ వెళ్ళాలి," అన్నాడు. "ఈ అవ్వకు మాత్రం నూనె సీసా ఇవ్వకండి."

బడి బడంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పెనిమిటి గుర్తొచ్చాడు. ఇట్లాంటి మంటతో నడిచే బాయిలరు దగ్గర పనిచేసి ఉంటే దగ్గేవాడు కాదు.

ఆ రోజు అక్కడున్నది మాస్టారు, నాకు అక్షరాలు నేర్పిన ఆయన భార్య, జులూ ఇన్‌స్పెక్టరు, మా కోడలు, ముందు నవ్వి తరవాత చప్పట్లు కొట్టిన వెనక బెంచీల పిల్లలు, ఓడిపోయి సంతోషపడ్డ నేను, డర్బన్ వెళ్ళబోతున్న నా మనవరాలు.