మా నాన్నను ఎవరడిగారు?

మీరు కాపురముంటున్న ఇంటి సంగతి ఇద్దరు బయటివాళ్లు లోపల కూర్చుని తేలుస్తూ, మిమ్మల్ని వసారాలో ఆగమంటే, దాన్ని మీరు పరిపాలన అనే అంటారా?

సిడ్నీలో చదువుకునే రోజుల్లో నాకీ ప్రశ్న ఎదురైంది. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక మా కుటుంబం సిడ్నీ శివారు పెండిల్ హిల్ చేరింది. మా వెనకగదిలో నా తరగతి అమ్మాయి అద్దెకుండేది, హాంకాంగ్ పిల్ల. ఆమె తండ్రి అక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో రేవు గుమాస్తా. కొన్నేళ్లలో ఆ ఊరు చైనా చేతికి వెళ్లబోతోంది. ఆయన పాస్‌పోర్టు మీద బ్రిటన్ రాచముద్ర ఉంది. బ్రిటన్‌లో నివసించే హక్కు మాత్రం లేదు. చదువు ముగిశాక తండ్రి దగ్గరికి తిరిగి వెళ్లాలా వద్దా అన్నది ఆమెకు తేలడం లేదు.

హాంకాంగ్ పాలనలో పనిచేసి రిటైరైన దొర ఒకాయన మా యూనివర్సిటీలో ప్రసంగించాడు. రెండు ప్రభుత్వాల నడుమ సమతూకం ఎంత సున్నితమో వివరించాడు. ఆయన మాటల్లో తక్కెడ పట్టినవాళ్లు కనిపించారు, తూగుతున్నవాళ్లు కనిపించలేదు. ఆమె చెయ్యెత్తింది. సభాధ్యక్షుడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఇంకోసారి ఎత్తింది. మళ్లీ అంతే.

నేను యూని డిబేట్ పోటీల్లో మాట్లాడేదాన్ని. వాటిలో ఒక ఆచారం ఉంది. ఎదుటివాడు మాట్లాడుతుండగా ప్రశ్నించదలచినవారు ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని, రెండోది చాచి నిలబడాలి. నేను అలవాటుగా అలాగే లేచాను. సభ గొల్లుమంది. దొర కూడా ఒకప్పటి డిబేటరే కాబోలు, నియమాన్ని మన్నించి ఆగాడు.

"నా ప్రశ్న ఈమె అడుగుతుంది," అన్నాను.

ఆమె లేచింది. "మా నాన్న మీ కొలువులోనే ముసలివాడయ్యాడు. రేపు భయమేస్తే మీ దేశానికి రానిస్తారా?"

"చక్కటి ప్రశ్న. అలాంటి విశ్వాసపాత్రుల గురించే చైనాతో మాట్లాడుతున్నాం."

"మా నాన్నతో ఎప్పుడు మాట్లాడతారు?"

దొర మర్యాదగా నవ్వాడు. టీ సిద్ధంగా ఉందని అధ్యక్షుడు ప్రకటించాడు. ఒక ఊరి భవితవ్యం బిస్కట్ల దగ్గర ముగిసింది.

ఇంట్లో సంగతి విని అమ్మ నావైపు తిరిగింది. "సభలో నెత్తిన చెయ్యి పెట్టుకున్నావుటే? ఫిజీ ఎయిర్‌పోర్టులో నేనూ పెట్టుకున్నా. నీ ప్రశ్నేంటమ్మా అని ఒక్కడూ అడగలా." తర్వాత ఆ అమ్మాయి ముందు కంచం పెట్టింది. "ఫస్ట్ ఈట్, బేటీ. దొరల్ని లేటర్ తిడదాం."

ఆదివారం ఆమె తండ్రికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన, "నువ్వు రావద్దు. ఇక్కడేం జరుగుతుందో నాకే ఎవరూ చెప్పరు, నీకు నేనేం చెప్పను?" అన్నాడట.

ఆమె వెళ్లలేదు. అది ఆమె స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయమని యూనిలో అందరూ మెచ్చుకున్నారు.

మీరూ సభలకు వెళ్తుంటారు. ఒక జనం రేపటి గురించి ఇంకొకరు ప్రసంగిస్తుంటే, ఆ జనంలో ఒక్కరైనా వేదిక మీద ఉన్నారేమో చూడండి. లేకపోతే చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడండి. నవ్వితే నవ్వనివ్వండి, ఆ జనాన్ని వేదిక మీదికి పిలిచేదాకా కూర్చోకండి.