శాలువా లేని బొకే

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండింటిలోనూ సొంత అక్కకు వంద గులాబీల బొకే పంపిన మొదటి తమ్ముణ్ని నేనే. సుల్తానాబాద్‌లో కనిపించిన ప్రతివాడికీ ఈ మాట చెప్పాను. ఒక్కరూ కాదనలేదు కాబట్టి నిజమే అయి ఉండాలి. వంద అన్నది మాత్రం కొంచెం ఎక్కువ. యాభై అనుకోండి. సరే, కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఒప్పుకుంటాను. ఇరవై. అందులో గులాబీలు పన్నెండు, మిగతావి పేరు తెలియని పూలు.

ఈ బుద్ధి నాకు మా వీధిలోనే పుట్టింది. మా ఎదురింటాయన దుబాయిలో ఉంటాడు. పెళ్లిరోజు నాడు అక్కడినుంచే ఫోన్‌లో ఏవో నొక్కితే, ఇక్కడ ఆయన భార్య చేతికి మెరుపు కాగితం చుట్టిన పూలగుత్తి వచ్చింది. వీధి వీధంతా కదిలింది. ఎందుకంటే మా వైపు ఇంట్లోకి పూలు వస్తే మూరల లెక్కన వస్తాయి, తలలోకో దేవుడి పటానికో పోతాయి. బొకే అనేది వేరే జాతి. అది కొత్తగా వచ్చిన తహసీల్దారుకు, గెలిచిన లీడరుకు, రిటైరయ్యే హెడ్‌మాస్టరుకు ఇచ్చేది. దానితోపాటు శాలువా ఉంటుంది, కుర్చీ ఉంటుంది, ఫోటో ఉంటుంది, మైకులో నాలుగు మాటలుంటాయి. అలాంటిది ఒక ఇల్లాలికి బొకే. ఆమె దాన్ని టీవీ పక్కన పెట్టి మూడు రోజులు చూసుకుంది. మేమూ పోయి చూశాం. నేను ఒక్కసారే పోయాను. అంటే, రోజుకు ఒక్కసారి.

మూడో రోజు ఆ పూల ముందు నిలబడి ఉండగా మా అక్క గుర్తొచ్చింది. ఇదే దారి అనుకున్నాను.

మా అక్క ఉండేది లక్సెట్టిపేటలో. నాకంటే పదేళ్లు పెద్ద. రెండేళ్లుగా నాతో మాట్లాడటం లేదు. ఫోన్ చేస్తే కోడలికిచ్చి లోపలికి పోతుంది. కారణం నా నోరే.

అక్క మనుమరాలిని ఆదిలాబాద్‌లో ఇచ్చారు. ఆ పెళ్లిలో ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. నా చేతికి మైకు ఇవ్వకూడదు. నూతన దంపతులను దీవించి దిగిపోవాల్సింది పోయి, అక్క పెళ్లిచూపుల కథ ఎత్తుకున్నాను. పెళ్లివారు వచ్చి మంచాల మీద కూర్చుంటే అక్క పెరట్లో అల్లనేరేడు చెట్టెక్కి దాక్కుందనీ, గంటసేపు దిగలేదనీ, చివరికి నోరంతా ఊదారంగుతో బావ నెత్తిన దూకిందనీ చెప్పాను. హాలంతా పగలబడి నవ్వింది. ఆదిలాబాద్ వియ్యపురాలైతే నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ రోజునుంచి ఆమె కొత్త కోడలిని ‘కోతి మనుమరాలు’ అని ముద్దుగా పిలుస్తుందట. ముద్దుగానే. కానీ పిలిచినప్పుడల్లా పిల్ల ముఖం చిన్నబోతుందని అక్కకు తెలిసింది.

చెట్టెక్కి దాక్కున్నది అక్క కాదు. ఆ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. అందులో బావ పోయి ఆరేళ్లయింది.

అందుకే ఒక పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కి, బస్టాండు దగ్గరి పూలకొట్టుకు పోయాను. కొట్టులో ఒకామె కాడలు కత్తిరిస్తూ ఉంది.

“ఎవరికి తాతా?”

“మా అక్కకు.”

“రిటైర్ అయితుందా?”

“లేదు.”

“దవాఖానల ఉన్నదా?”

“లేదమ్మా. అలిగింది.”

“ఎన్నొద్దులాయె?”

“రెండేండ్లు.”

ఆమె కత్తెర కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “గట్లయితే జర పెద్దదే కట్టాలె” అంది.

ఒక్కో పువ్వూ అమరుతుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇది కొంచెం ముందుకు, అది కొంచెం వెనక్కు అని ఆమెకు పని నేర్పబోయాను. “తాతా, నువ్వు జర గా స్టూల్ మీద కూసో” అంది. చివర్లో చిన్న కార్డు తీసి ఏం రాయాలని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మా అవ్వా బాపుల దగ్గరినుంచి వచ్చేసరికి కార్డు నిండిపోయేలా ఉంది. ఆమె ఆపింది. చివరికి ‘నీ తమ్ముడు’ అని రెండు ముక్కలు రాయించాను.

“మాఫీ అడుగుతలేవా?”

“ఆమెకు తెలుస్తదిలే.”

“నువ్వు చెప్పకుంటే పూలు చెప్తయా?” అంటూ కార్డును బొకేకు గుచ్చింది.

అందరితో బొకే పార్సిల్‌లో పంపానని చెప్పాను. నిజానికి నమ్మకం చాలక నేనే ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కాడలకు తడి తువ్వాల చుట్టాను. ఇక ఆ బస్సులో నాకు దక్కిన మర్యాద చెప్పలేను. చొప్పదండి దాటకముందే పక్క సీటాయన చేతులు జోడించి, “సన్మానమా సార్?” అన్నాడు. ఏదో చిన్నది అన్నాను. ధర్మారం వచ్చేసరికి హెడ్‌మాస్టర్‌నయ్యాను. ఇంకో పది కిలోమీటర్లకు ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు కూడా వచ్చింది. ముప్పై ఏళ్లు రైస్‌మిల్లులో కాంటా దగ్గర బస్తాలు తూచినవాణ్ని నేను. ఎదుటి సీటామె తన కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడని సలహా అడిగేదాకా ఆ నౌకరీ హాయిగానే నడిచింది.

గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు వేస్తుంటే, నేను ఒక తెల్లపువ్వు తుంచి వేశాను. అలా ఇరవై కాస్తా పంతొమ్మిదయ్యాయి. నది దాటగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లవాడిలా ఉంది నా పరిస్థితి. డెబ్బై రెండేళ్లకు ఇంత ఆత్రం మంచిదేనా అని డాక్టరును అడగాలనుకున్నాను.

అక్క ఇంటి ఎదుట ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. అతను నన్ను ఎరుగును. బొకే అతని చేతిలో పెట్టి, “జర గిది మా అక్కకు ఇయ్యి, నేనొచ్చిన్నని చెప్పకు” అని బండి వెనక్కు పోయి నక్కాను. అక్క ఇంటి ముందు అరుగు గద్దె మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా గుండె చప్పుడుకు బండి మీది బొగ్గుల పెట్టె అదిరిందంటే నమ్మాలి. నమ్మకపోయినా ఫరవాలేదు.

“పెద్దమ్మా, నీకు బొకే వచ్చింది.”

“నాకెందుకొస్తదిరా? కౌన్సిలర్ ఇల్లు అవుతలి గల్లీల.”

“నీకే. చిట్టి మీద నీ తమ్ముడని ఉన్నది.”

అక్క చేతులు ఆగాయి. ఈలోపు ఆ మెరుపు కాగితం పని అది చేసింది. లక్సెట్టిపేట మొత్తం వచ్చి చేరింది. పదకొండు మంది. అందులో ఇద్దరు ఆటో కోసం నిలబడ్డవాళ్లు.

“ఏమొచ్చింది పెద్దమ్మా, పదవా?” అని ఒకామె అడిగింది.

“బొకే వచ్చింది సరే, శాలువా ఏది?” అన్నాడు ఆటో కోసం నిలబడ్డవాడు.

“ఫోటో తీసెటోళ్లు రాలేదా?” అంది ఇంకో ఆమె.

నాకు నెత్తిన నీళ్లు పోసినట్టయింది. దుబాయి ఆయన భార్యకు పంపిన బొకే సంగతి వేరు. ఇక్కడ పదిమందిలో ఒక పెద్ద మనిషికి బొకే ఇచ్చి శాలువా కప్పకపోతే, పిలిచి పీట వేయనట్టే. అది నాకు తోచనే లేదు. అలక తీర్చబోయి నడివీధిలో అక్కకు సగం సన్మానం చేశాను.

అక్క బొకేను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఇస్త్రీ అతనితో చాలా నెమ్మదిగా అంది, “నీ బండి కింద రెండు కాళ్లు కనబడుతున్నయి. ఎవరియో అడుగు.”

బయటికి వచ్చాను. అక్క నా వైపు చూడలేదు.

“శాలువా ఎందుకు తేలేదో అడుగు” అంది అతనితో.

“అన్నా, శాలువా...”

“ఇనబడ్డది” అన్నాను. “మర్చిపోయినక్కా.”

“మర్చిపోయిండట పెద్దమ్మా.”

“శాలువా లేకపోతే లేకపాయె. సన్మానమన్నంక నాలుగు మాటలు చెప్తరు గద. గదన్న చెప్పుమను.”

ఎవరో లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. అక్క కొంగు సర్దుకుని, బొకే ఒళ్లో పెట్టుకుని, కలెక్టరులా నిటారుగా కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. నడివీధి, వినే జనం, ఇంకేం కావాలి నాకు. గోదావరికి ఇరువైపులా ఇంతటి మహాతల్లి లేదని మొదలుపెట్టాను.

“నా గొప్పలు వద్దను” అంది అక్క. “చెట్టు సంగతి చెప్పుమను. ఆగుమను.”

నడుము దగ్గర దోపుకున్న ఫోన్ తీసింది. ఆదిలాబాద్ కలిపి, స్పీకర్ పెట్టి, బొకే మీద ఆనించింది. వియ్యపురాలు “ఆఁ వదినె” అనగానే, “మా తమ్ముడు నీకొక మాట చెప్తడట, ఇను” అంది.

“అప్పుడు చెట్టు తాటిచెట్టంత పొడుగు...” అన్నాను.

అక్క ఒక కనుబొమ్మ ఎత్తింది. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టే ముందు చేతులు చూపించమన్నట్టు.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పెంచలేదు. ఎక్కింది నేను. నాకు ఎనిమిదేళ్లు. పెళ్లివాళ్లు వచ్చినప్పుడు మిఠాయి దొంగిలించి, బాపు చూశాడని భయపడి ఎక్కాను. దిగడం రాక ఏడ్చాను. కొత్తచీర కట్టుకుని లోపల కూర్చున్న అక్క నా ఏడుపు విని పెరట్లోకి వచ్చింది. కుచ్చిళ్లు దోపి రెండు కొమ్మలు ఎక్కి, నన్ను వీపున వేసుకుని దించింది. అప్పటికే నేను భయంతో లాగు తడుపుకున్నాను. అది ఆమె కొత్తచీరకు అంటింది. దొడ్లోకి చేతులు కడుక్కోవడానికి వచ్చిన బావ అదంతా చూశాడు. ఏమీ అనకుండా చేతులు చాపి నన్ను అందుకున్నాడు. తర్వాత లోపలికి పోయి, పిల్ల నచ్చిందని వాళ్ల నాయనతో చెప్పాడు.

“పెండ్లిల నా చేతికి మైకిచ్చిన్రు” అన్నాను. “లాగు సంగతి ఎట్ల చెప్త? అందుకే అక్కను చెట్టెక్కించిన. తప్పయింది.”

నవ్వుతారనుకున్నాను. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి నిలబడ్డాడు.

అక్క బొకేలోని ఒక ఆకును సరిచేస్తూ, ఇస్త్రీ అతనికి కూడా కాకుండా గాలిలోకి అన్నట్టు అంది. “ఆయన నన్ను మొదటిసారి చూసింది గప్పుడే. నాకున్నది గదొక్కటి.”

అప్పుడు తెలిసింది నాకు. రెండేళ్లుగా అలక మనుమరాలి గురించే అనుకున్నాను. నేను అసలు పోగొట్టింది బావ తొలిచూపును. నా కళ్లలో నీళ్లు తిరగలేదు అని రాద్దామనుకున్నాను. తిరిగాయి.

ఫోన్‌లో ఆదిలాబాద్ ఆమె, “అగబాయీ” అని అక్కడి మరాఠీ పలుకులో మెల్లగా ఆశ్చర్యపోయింది. “అయితే అన్నయ్యా, మీరా ఆ కోతి? ఇగ నా కోడల్ని గట్ల పిలువ. మిమ్మల్నే పిలుస్త.”

“పిలువు వదినె, పిలువు” అంది అక్క. మళ్లీ నా వైపు తిరిగింది. సూటిగా, నడుమ ఎవరూ లేకుండా.

“రెండు కొమ్మలు గాదు తమ్మీ. నాలుగు.”

నాకు బాగా గుర్తు. రెండే. మూడో కొమ్మ దాకా నా కాలే అందలేదు.

“అవునక్కా. నాలుగే” అన్నాను.

“ఇన్నవా వదినె, నాలుగు కొమ్మలు, కొత్తచీరతోని” అని అక్క ఫోన్‌ను చెవికి ఆనించుకుని, కథను మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి చెట్టు నేను చెప్పినదానికంటే పొడుగ్గా ఉంది, నేను ఇంకా గట్టిగా ఏడుస్తున్నాను. నేను గద్దె మీద కూర్చుని ఆమె వదిలేసిన చింతపండు ముందుకు లాక్కుని, గింజలు తీస్తూ విన్నాను. ఒక్క మాట కూడా సరిచేయలేదు.