గురజాలలో పేలిన అగ్నిపర్వతం

ఆ రోజుల్లో మా పల్నాట్లో రాయి లేకుండా మనిషి బతుకు లేదు. ఇంటి కప్పు నాపరాయి, నేల నాపరాయి, చేనికి కంచె నాపరాయి, పశువుల కుడితి తొట్టి నాపరాయి. ఎండాకాలం మా డాబా మీద అట్టు పోసుకోవచ్చని ఊళ్ళో అనేవాళ్ళు (ఒకసారి నేనూ నా స్నేహితురాలూ పోసి చూశాం. సగం ఉడికింది, సగం కాకి ఎత్తుకుపోయింది). ఇంత రాయి మధ్య పుట్టి పెరిగినా, అసలు ఈ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న అనుమానం మాకెవ్వరికీ రాలేదు. అడిగితే "భూమిలోంచి" అనేవాళ్ళం. భూమి కింద ఏముందంటే "ఇంకో రాయి" అనేవాళ్ళం. దాని కిందేముందో అడిగేంత తీరుబడి మా ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. మా నాన్న సున్నం బట్టీలో మేస్త్రీ. రాయిని కాల్చి సున్నం చేయడమే గానీ దాని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం ఆయన పని కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ అనుమానం మాకు పుట్టించడానికి బాపట్ల వైపు నుంచి ఒక కొత్త సారు వచ్చారు. మొదటివారంలోనే ఆయనకు భూకంపం సారని పేరు పడిపోయింది. పాఠం చెబుతూ చెబుతూ మా బెంచీలు పట్టుకుని ఊపేసేవారు మరి. భూమి పైపెచ్చు అంతా ఒకే ముక్క కాదనీ, పెద్దపెద్ద ఫలకాలుగా పగిలి ఉందనీ, అవి మన గోరు పెరిగినంత నిదానంగా కదులుతుంటాయనీ చెప్పి, మేం నమ్మడం లేదని మొహాలు చూసి కనిపెట్టి, నా అన్నం డబ్బాలో ఉన్న జొన్నరొట్టె తీసి బల్ల మీద రెండు ముక్కలు చేశారు. రెంటినీ ఎదురెదురుగా తోశారు. ఒకటి రెండోదాని కిందికి దూరింది, పైది ముడతపడి లేచింది. "ఇదిగో, హిమాలయాలు!" అన్నారు. క్లాసంతా చప్పట్లు. (ఆ పూట హిమాలయాలు పోగా మిగిలిన పచ్చిమిరపకాయ కారంతో నేను గడుపుకున్నాను.) మనం పడుకునే నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురదేనన్నారు. రోళ్ళు చేసే నల్లరాయి మాత్రం భూమి లోపల కరిగిన ద్రవం పగుళ్ళలోకి ఎక్కి గడ్డకట్టిందనీ, అది అగ్నిశిల అనీ అన్నారు. అప్పటిదాకా రాళ్ళన్నీ ఒకటే కులం అనుకునేదాన్ని.

ఇంటికెళ్ళి నాయనమ్మకు చెప్పాను. మా ఇంట్లో నాన్న సంపాదించేవాడు, నాయనమ్మ ఏలేది.

"భూమి కదుల్తదా?" అంది నాయనమ్మ, చేటలో కందులు చెరుగుతూ. "అవును నాయనమ్మా, ఏటేటా కొంచెం కొంచెం జరుగుద్దంట." "మన మెరక చేని గట్టు కూడా ఏటేటా జరుగుద్దే. అది భూమి జరగబట్టి కాదు, పక్క చేనోడు జరపబట్టి. మీ సారుకి చెప్పు." ఈ మాట నేను నిజంగానే సారుకు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, మీ నాయనమ్మను ఒకసారి చూడాలే అన్నారు. ఆ ముచ్చట అంత తొందరగా, అంత గట్టిగా తీరుతుందని పాపం ఆయన అనుకుని ఉండరు.

ఆ ఏడాదే గురజాలలో చుట్టుపక్కల బళ్ళన్నిటికీ సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. బాగున్నవాటిని ఎంపిక చేసి గుంటూరు పంపుతారట. గుంటూరు! మా ఊరి పక్కనుంచి రోజూ మీటరుగేజి బండి గుంటూరు పోయేది. దానికి చెయ్యూపి ఊపి నా భుజం అరిగిందే గానీ ఒక్కసారన్నా ఎక్కిన పాపాన పోలేదు. గుంటూరులో రోడ్డు మీదే ఐసు గోళీసోడా ఇస్తారనీ, రాత్రి కూడా పట్టపగల్లా ఉంటుందనీ విని విని, ఒక్కసారి అది చూస్తే చాలు, తర్వాత ఏమైనా ఫరవాలేదు అన్నంతగా నాకు పిచ్చి పట్టింది. కానీ నాయనమ్మ ఒక్కమాటతో తేల్చేసింది. "ఆడపిల్ల గుంటూరు పోయి రెండ్రోజులుండటమేందే? అక్కడ మనిషిని మనిషి తొక్కుకుంటా పోతారు. తప్పిపోతే ఎవరు ఎతుకుతారు?" నేను ఏడ్చాను, అన్నం మానేశాను (ఒక్క పూటే, రెండో పూట గోంగూర పప్పు చేసింది). చివరకు నాన్న మధ్యలో పడితే, "ముందు గురజాలలో గెలవమను, అప్పుడు చూద్దాం" అంది. నేను గెలవనని ఆవిడకు అంత ధీమా.

ఇక మా మోడల్ సంగతి. బల్లంత పెద్ద చెక్క మీద ఇసుక పోసి, దాని మీద నాపరాతి ముక్కలు ఫలకాల్లాగా పేర్చాం. ఒక పక్కన రంగురంగుల మట్టి పొరలుపొరలుగా వేసి మధ్యకు కోశాం. ఒక సగం పైకి లేస్తే పొరలు తప్పి, భ్రంశం ఎలా ఏర్పడుతుందో కనిపించాలి. ఆ లేపడానికి లారీ జాకీ కావలసివచ్చింది. మా వీధి చివర లారీ మెకానిక్ ఉండేవాడు. మా నాన్నను బావా అనేవాడు గనక మాకు జాకీ మామ. "భూమిని లేపటానికి జాకీ ఏందమ్మా?" అని ఆశ్చర్యపోయి, కాసేపు ఆలోచించి, "మీ భూమి ఎన్ని టన్నులుంటది? ఇది పది టన్నులకే" అన్నాడు మామ, చాలా సీరియస్‌గా. జాకీ తొక్కే పని నా స్నేహితురాలిది. దాన్ని అందరూ పొట్టిది అనేవాళ్ళు. బల్ల కింద కూర్చుంటే తల తగలని మనిషి మా క్లాసులో అదొక్కతే.

మధ్యలో అగ్నిపర్వతం. అది నాది. మట్టితో కొండ చేసి, కొండ కడుపులో ముంత పెట్టి, ముంతలో రాళ్ళసున్నం వేసి, ఎర్రరంగు కలిపిన నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికి, పొగలు కక్కుతూ లావా పొంగాలి. సారుకు ఇది తెగ నచ్చింది. "ఎక్కడా చూడలేదే! ఇది మీ ఊరోళ్ళకు తప్ప రాదు" అన్నారు. ఆ పొగడ్త నా నెత్తికెక్కింది. మామూలు సున్నం వెయ్యడమేమిటి, మేలురకం వేద్దామని బట్టీకి వెళ్ళి, తెల్లగా తేలిగ్గా ఉన్న రాళ్ళన్నీ పక్కన పారేసి, మంట పక్కన బాగా కాలి, బరువుగా, కొడితే కంచులా మోగే రాళ్ళు ఏరుకొచ్చాను. గట్టిదే మంచిదని నా తెలివి. అగ్నిశిలకు నమూనాగా మా రుబ్బురోలు పొత్రం కావాలని నాన్ననడిగాను. "మీ నాయనమ్మకు చెప్పమాక, సాయంత్రానికల్లా తెచ్చెయ్" అని ఆయనే గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు.

సున్నం లారీ మీద గురజాల చేరాం. హాలు నిండా పిల్లలు. మా పక్క బల్ల మీదే ఒక కాన్వెంటు వాళ్ళు కూడా అగ్నిపర్వతమే పెట్టారు. అట్టముక్కలతో చేసి, లోపల ఎర్రబల్బు పెట్టారు. స్విచ్చి నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరిపోతుంది. వాళ్ళు మా మట్టికొండను చూసి, "ఇది పుట్టా?" అని అడిగారు. నాకు కడుపు మండింది. ఉండండి, మీ బల్బు సంగతి చూస్తాననుకున్నాను.

తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని మార్కులేసే అధికారి గారు వచ్చారు. పొట్టిది జాకీ తొక్కింది, భ్రంశం బ్రహ్మాండంగా లేచింది. ఆయన తలూపారు. పొత్రం చూపించి అగ్నిశిల గురించి అప్పజెప్పాను, మళ్ళీ తలూపారు. ఇక నా వంతు వచ్చింది. "ఇప్పుడు లావా వస్తుంది సార్" అని చెంబుతో నీళ్ళు పోశాను. ఏమీ కాలేదు. అందరం కొండ వైపు చూస్తున్నాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇంకొంచెం పోశాను. కొండ కిమ్మనలేదు. భూకంపం సారు మెడ మీద చెమట కారుతోంది. పక్కన బల్బు కొండ టక్కున వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. "ఆలోచన బాగుందమ్మా" అని అధికారి గారు అటు నడిచారు. ఆలోచన బాగుందంటే గుంటూరు లేదని అర్థం. నాకు దుఃఖం తన్నుకొచ్చి, ఆ కోపంలో బకెట్లో మిగిలిన నీళ్ళన్నీ కొండ నోట్లో కుమ్మరించాను.

సరిగ్గా అప్పుడు హాలు గుమ్మంలో ఒక గొంతు వినిపించింది. "ఏదే నా పొత్రం?"

నాయనమ్మ! పొద్దున ఆవిడ చెల్లెలి తరఫు చుట్టాలొచ్చారట. గారెలకు పప్పు నానబోసి రోలు దగ్గర కూర్చుంటే రోలుంది, పొత్రం లేదు. నాన్నను నిలదీసి, ఆయన నిజం ఒప్పుకోగానే బస్సెక్కి వచ్చేసింది. ఆ కేకకు హాలంతా ఇటే తిరిగింది. అధికారి గారు కూడా వెనక్కి వచ్చారు. సారు ఆమెను చల్లబరుద్దామని, "అది మామూలు రాయి కాదమ్మా, అగ్నిలోంచి పుట్టింది" అన్నారు. "ఎవురు చెప్పారయ్యా నీకు? అది మా అత్త మాచర్ల తిరణాలలో కొన్నది. అగ్గీ లేదు, బుగ్గీ లేదు" అంది నాయనమ్మ. "అంతకుముందమ్మా, కోట్ల ఏళ్ళ ముందు..." "అప్పుడు మా అత్త ఎక్కడుందీ?" అధికారి గారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సందట్లో మా కొండ కడుపులోంచి చిన్నగా ఒక చప్పుడు వచ్చింది. బట్టీ ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టని సంగతేమిటంటే, ఎక్కువ కాలిన సున్నపురాయి నీళ్ళు పోయగానే పలకదు. తాపీగా నాని, ఎవరూ అడగనప్పుడు పలుకుతుంది. బుస్సుమని మొదలై, కుతకుతలాడి, పొగ హాలు కప్పుకు తగిలింది. నాయనమ్మ ఒక్క చూపులో కనిపెట్టేసింది. "ఎనక్కి జరగండి! కళ్ళల్లో పడుద్ది! ఓ తెల్లప్యాంటాయనా, నిన్నే, జరుగు!" అంటూ అధికారి గారి రెక్క పట్టి లాగి, కొంగు అడ్డం పెట్టి పిల్లలందరినీ గోడ వైపు తోసింది. బల్ల కింద పొట్టిదానికి పైన ఏమవుతుందో తెలియక, ఏదో ఒకటి చెయ్యాలి గనక, జాకీ తొక్కడం మొదలుపెట్టింది. ఫలకాలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. కొండ అడ్డంగా చీలింది. ఎర్రటి లావా గుబగుబ పొంగి బల్లంతా పారి, నేల మీదికి దిగి, పక్కబల్ల కాన్వెంటు వాళ్ళ వైరు దాకా పోయింది. ఎవరో పరుగెత్తి మెయిన్ ఆపేశారు. బల్బు ఆరిపోయింది. మా కొండ మాత్రం ఉడుకుతూనే ఉంది.

అంతా చల్లారాక, పిల్లలెవరికీ ఏమీ కాలేదని చూసుకున్నాక, అధికారి గారు ఎర్రచుక్కలు పడిన ప్యాంటు వైపు చూసుకుంటూ, "నేను మార్కులేసేటప్పుడు ఎందుకు రాలేదయ్యా ఇది?" అన్నారు. భూకంపం సారు చేతులు కట్టుకుని, "అసలు అగ్నిపర్వతం కూడా అధికార్లొచ్చే టైము చూసుకుని పేలదు కదండీ" అన్నారు. అది విని అధికారి గారు నవ్విన నవ్వుకు హాలంతా నవ్వింది. మొదటి బహుమతి బల్బుకే ఇచ్చారు (నాకు ఇప్పటికీ మండుతుంది). కానీ మా భ్రంశం, రాళ్ళు కూడా గుంటూరు రావాలన్నారు. కొండ మాత్రం ఊళ్ళోనే ఉండాలని షరతు. "ముఖ్యంగా ఆ పొత్రం తీసుకురండి" అన్నారు.

"నా పొత్రం గుంటూరు పోవటమేంది?" అంది నాయనమ్మ. తెస్తారమ్మా, జాగ్రత్తగా తిరిగిస్తారు అని ఎందరు చెప్పినా వినలేదు. "పిల్లకాయల చేతికిచ్చి పంపిస్తానా? నేనూ వస్తా. రాయి ఎక్కడుంటే నేనక్కడుంటా." అంటే నేను కూడా పోతానన్నమాట! అది అర్థమయ్యేసరికి పొట్టిదీ నేనూ ఆ సున్నపు బురదలోనే గెంతులేశాం.

బండిలో కిటికీ పక్క సీటు కోసం నేను ముందే పరుగెత్తి కూర్చున్నాను. నాయనమ్మ వచ్చి, "జరుగు" అని నన్ను లేపి తను కూర్చుంది, ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని. సత్తెనపల్లి దాకా నేను మూతి ముడుచుకునే ఉన్నాను. ఆవిడ నావైపు చూడనే లేదు. చేలు, కాలవలు, గేటు దగ్గర ఆగిన బస్సులు, అన్నిటినీ తల తిప్పి తిప్పి చూస్తోంది. గుంటూరు దగ్గరపడి పట్టాలు రెండు నాలుగై, ఇళ్ళు ఒత్తుగా వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒసే, నా చెయ్యి వదలమాక" అంది మెల్లిగా. "నాకు గుంటూరు ఇదే మొదలు."

మనిషిని మనిషి తొక్కుకుంటూ పోతారని అంత ఖాయంగా చెప్పిన మనిషి! ఎవరి దగ్గర విన్నదో, ఎన్నాళ్ళ నుంచి రోజూ ఆ బండి కూత వింటూ ఇంట్లో కూర్చున్నదో అప్పుడు అడగాలని నాకు తోచలేదు. బండి దిగగానే ఐసు సోడా ఎక్కడిస్తారని మాత్రం అడిగాను.

గుంటూరులో మాకు బహుమతేమీ రాలేదు. వచ్చినవాళ్ళకు నన్ను ఒక్కముక్క చెప్పనివ్వకుండా, "ఇది నిప్పులో పుట్టిన రాయయ్యా, కోట్ల ఏళ్ళనాటిది, మా అత్త కంటే ముందుది" అని రెండు రోజులూ నాయనమ్మే చెప్పింది. నా పాఠం నాకంటే బాగా చెబుతోందని నేను ఉడుక్కుని మూలన నిలబడ్డాను. ఇప్పుడు నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా రైళ్ళెక్కాను. కిటికీ సీటు దొరికినప్పుడల్లా ఆ బండిలో మూతి ముడుచుకున్న పిల్ల గుర్తొస్తుంది, నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని దానికి ఒకటి చెప్పాలనిపిస్తుంది: గుంటూరు ఎక్కడికీ పోదే పిచ్చిదానా, ముందు ఆవిడ మొహం చూడు.